చెత్తకొండ మీద నుంచి మా ఇల్లు

ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నామని నాన్న ఫోన్ చేసినప్పుడు నేనొక చెత్తకుప్ప మీద నిలబడి ఉన్నాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే చెత్తకుప్ప. జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో, గెయోర్గ్స్‌వెర్డర్ అనే చోట, సుమారు 40 మీటర్ల ఎత్తున్న పాత డంపింగ్ యార్డు. ఊరి చెత్తతో పాటు ఫ్యాక్టరీల విషపు వ్యర్థాలు కూడా ఇక్కడే పోశారు. 1983లో దీన్నుంచి కారుతున్న ద్రవంలో డయాక్సిన్ బయటపడి పెద్ద గొడవైంది. ఇప్పుడు దాని మీద పచ్చగడ్డి, గాలిమరలు, సోలార్ ప్యానెళ్లు, చుట్టూ నడవడానికి వంతెన లాంటి దారి. ఆదివారమైతే జనం పిల్లల్ని తీసుకుని వస్తారు.

"ఏమ్మా, గాలి హోరు వినిపిస్తోంది, ఎక్కడున్నావ్?"

"డంపింగ్ యార్డు మీద నాన్నా."

"సరేగానీ, మొన్న బిల్డర్ వచ్చి వెళ్లాడు."

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. 240 గజాలు. నేను పుట్టిన ఏడాది, 1997లో, కింద రెండు వాటాలు కట్టారు. 2009లో పైన మేడ వేశారు. అమ్మానాన్న పైన ఉంటారు. కింద ముందు వాటాలో పన్నెండేళ్లుగా ఒకే కుటుంబం అద్దెకుంటోంది. ఆ ఆంటీ ముందుగదిలో మూడు కుట్టుమిషన్లు వేసుకుని బ్లౌజులు కుడుతుంది. వెనక వాటా ఇప్పుడు ఖాళీ. ఎందుకు ఖాళీయో తర్వాత చెప్తాను.

బిల్డర్ లెక్క ఇది: ఉన్నదంతా కూల్చేసి, కింద పార్కింగ్ వదిలి, పైన ఐదు అంతస్తులు. అంతస్తుకో ఫ్లాట్. మాకు రెండు ఫ్లాట్లు, పైన కొంత డబ్బు. "లిఫ్ట్ ఉంటుంది. సోలార్ పెడతాడంట. గ్రీన్ బిల్డింగ్ అంట అమ్మా" అన్నాడు నాన్న, ఆ ముక్క వింటే నేను సంతోషిస్తానని.

నాకు కోపమొచ్చింది. ఆ కోపానికి కారణం చెప్పాలంటే నేను నిలబడ్డ చోటు గురించి చెప్పాలి. ఎందుకంటే ఆ చెత్తకొండ ఒక ఎగ్జిబిషన్‌లో ఎగ్జిబిట్.

మనకి ఇళ్ల ఎగ్జిబిషన్ అంటే ప్రాపర్టీ షో. ఏసీ హాలు, స్టాళ్లు, గాజు పెట్టెలో బొమ్మ అపార్ట్‌మెంట్లు, చేతిలో బ్రోషర్, ఆ తర్వాత ఆర్నెల్లు ఆగకుండా కాల్స్. జర్మనీలో బిల్డింగ్ ఎగ్జిబిషన్ అంటే అది కాదు. ఊళ్లో ఒక భాగాన్ని తీసుకుని, నిజమైన ఇళ్లే కట్టి, లేదా ఉన్నవాటిని బాగుచేసి, "ఇకమీదట నగరం ఇలా ఉండొచ్చు, వచ్చి చూడండి" అంటారు. చూడ్డానికొచ్చినవాళ్లు వెళ్లిపోయాక వాటిలో మామూలు మనుషులు కాపురం ఉంటారు. వీటిని పొట్టిగా ‘ఈబా’ అని పిలుస్తారు. ఒక్కోటి ఏళ్ల తరబడి, కొన్నైతే పదేళ్లు నడుస్తాయి. హాంబుర్గ్‌లో జరిగిన ఈబా 2013లో ముగిసింది. అది జరిగిన విల్హెల్మ్స్‌బుర్గ్ అనే ఏరియాలోనే నేను ఉంటున్నాను. ఆర్కిటెక్చర్ మీద ప్రేమతో కాదు. 40 చోట్ల అప్లికేషన్లు పెడితే ఇల్లు దొరికింది ఇక్కడొక్కచోటే.

వచ్చిన కొత్తలో ఇదంతా నాకు తెలీదు. మా వీధికి దగ్గర్లో ఒక రాక్షస కోట లాంటి కాంక్రీట్ ముద్ద ఉంటే, ఏంటా అని గూగుల్ చేశాను. 1943లో కట్టిన యుద్ధకాలపు బంకర్. పైన విమానాల మీదికి పేల్చే తుపాకులు, లోపల బాంబుదాడులప్పుడు దాక్కునే జనం. 1947లో బ్రిటిష్ సైన్యం లోపలి భాగాన్ని పేల్చేసింది. పైపెంకు మాత్రం అరవై ఏళ్లకు పైగా అలాగే నిలబడి ఉంది. ఈబా వాళ్లు దాన్ని కూల్చలేదు. లోపల 20 లక్షల లీటర్ల వేడినీళ్ల ట్యాంకు పెట్టి, పైకప్పు మీదా, ఒక గోడ మీదా సోలార్ అమర్చి, చుట్టుపక్కల ఇళ్లకి వేడి సరఫరా చేసే కేంద్రంగా మార్చారు. పైన కాఫీ షాపు కూడా ఉంది. మొదటి చలికాలం నా కబుర్లన్నీ దాని గురించే. కొలీగ్స్‌కి విసుగొచ్చింది.

అక్కణ్నుంచి ఇదొక పిచ్చిగా పట్టుకుంది. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, పాత ఎగ్జిబిషన్ ఏ ఊళ్లో ఉందా అని చూడటం మొదలుపెట్టాను.

స్టుట్‌గార్ట్‌లో 1927 నాటిది చూశాను. వైసెన్‌హోఫ్ అనే కాలనీ. 17 మంది ఆర్కిటెక్టులు, 21 భవనాలు. మన చండీగఢ్ ప్లాన్ గీసిన లె కార్బూజియే కట్టిన ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. తెల్లటి గోడలు, చదును డాబాలు, పొడవాటి కిటికీలు. అప్పటికి సస్టెయినబిలిటీ అన్న మాటే ఎవరి నోటా లేదు. చీకటి గదుల్లో, పొగలో బతికే జనానికి వెలుతురూ గాలీ ఇవ్వాలన్నదే తపన. డాబా మీద బట్టలారేసుకుంటూ పెరిగిన నాకు అందులో వింతేమీ కనిపించలేదు. నిజం చెప్పొద్దూ, అరగంటలో బయటికొచ్చేశాను.

బెర్లిన్‌లోని హాన్సాఫియర్టెల్ మాత్రం నాకు చాలా నచ్చింది. 1957 నాటి ఎగ్జిబిషన్, పేరు ఇంటర్‌బౌ. అంతకుముందు అక్కడ ఇరుకిరుకు ఇళ్ల పేట ఉండేది. యుద్ధంలో బాంబులు పడ్డాయి. మిగిలినవి కూడా తీసేసి, 13 దేశాల నుంచి 53 మంది ఆర్కిటెక్టుల్ని పిలిచారు. పాత వీధుల గీతలు చెరిపేసి, పక్కనున్న పెద్ద పార్కు ఇళ్ల మధ్యలోకి నడిచొచ్చిందా అన్నట్టు, చెట్ల మధ్య అక్కడో టవర్ ఇక్కడో టవర్ నిలబెట్టారు. చూడ్డానికి పది లక్షల మందికి పైగా వచ్చారట. నేను ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే, ఎప్పుడూ బొటనవేలు గుర్తు తప్ప ఇంకేమీ పెట్టని నాన్న "ఇల్లంటే ఇలా ఉండాలి" అని రాశాడు. అప్పుడు మురిసిపోయాను. చెత్తకొండ మీద ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఆ మెసేజ్ గుర్తొచ్చింది. నాన్న ఇప్పుడంటున్నది కూడా ఇంటర్‌బౌ మాటే: పాతది తీసేయ్, కొత్తది కట్టు, చుట్టూ నాలుగు మొక్కలు పెట్టు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ జబ్బు బాగా తెలుసు. పాత కోడ్ చూడగానే కొత్తగా జాయినైన ప్రతివాడూ అనే మొదటి మాట "ఇదంతా తీసేసి మళ్లీ రాద్దాం". ఆ పాత కోడ్‌లో ఏ లైను ఎవరి అవసరానికి పుట్టిందో వాడికి తెలీదు. ఆర్నెల్లు పోయాక తెలుస్తుంది.

బెర్లిన్‌కీ అలాగే తెలిసింది. దానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. క్రాయిట్స్‌బెర్గ్ అని ఒక పేట. గోడ కట్టాక పశ్చిమ బెర్లిన్ అంచుకి పడిపోయింది. 1960లు, 70ల్లో అక్కడి పాత ఇళ్లని వరసబెట్టి కూల్చి, మధ్యలోంచి హైవే వెయ్యాలన్నది ప్లాను. ఎలాగూ కూల్చేవే కదా అని వాటికి రిపేర్లు మానేశారు. మెట్ల మధ్యలో ఉమ్మడి మరుగుదొడ్డి, గదిలో బొగ్గు పొయ్యి. కూల్చేదాకా ఉండమని వాటిని టర్కీ నుంచి వచ్చిన కార్మికులకి అద్దెకిచ్చారు. ఇంకోపక్క ఖాళీగా పాడుబడుతున్న ఇళ్లలోకి కుర్రాళ్లు జొరబడి కాపురం పెట్టారు. 1981 నాటికి నగరంలో అలాంటి ఇళ్లు వంద దాటాయి. పోలీసులతో గొడవలు, వీధుల్లో కొట్లాటలు.

1987 నాటి బెర్లిన్ ఈబా ఈ గొడవ మధ్యలోంచే పుట్టింది. అందులో పాత ఇళ్ల విభాగానికి హార్ట్-వాల్టర్ హేమర్ అనే ఆర్కిటెక్ట్ నాయకుడు. కూల్చడం కన్నా బాగుచేయడం చవకని, పైగా ఉన్న మనుషులు చెదిరిపోరని ఆయన పట్టుబట్టాడు. పన్నెండు సూత్రాలు రాశారు. నగర పార్లమెంటు వాటిని 1983లో ఒప్పుకుంది. మొదటి సూత్రం సారాంశం: ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లతో, అక్కడ కొట్టు పెట్టుకున్నవాళ్లతో కలిసే ప్లాన్ చెయ్యాలి, ఉన్న కట్టడాన్ని నిలబెట్టుకుంటూ చెయ్యాలి. ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా, ముందు అత్యవసరమైనవి. కొన్నిచోట్ల అద్దెకున్నవాళ్లే పారా, తాపీ పట్టుకుని పనిచేశారు. అదే ఈబాలో ఒక కొత్త బ్లాకులో స్నానాల నీళ్లని శుద్ధి చేసి టాయిలెట్లకి వాడే ప్రయోగం కూడా చేశారు, 1980ల్లోనే. ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే గ్రే వాటర్ అదే.

ఆ వీధుల్లో ఒక శనివారమంతా తిరిగాను. ఎగ్జిబిషన్ ఎక్కడుందో కనిపెట్టడమే కష్టం. ఏ ఇల్లు చూసినా మామూలు పాత ఇల్లే. కింద కూరగాయల కొట్టు, పైన బాల్కనీలో సైకిలు, లోపలి పెరట్లో చెట్టు. చూపించడానికేమీ లేకపోవడమే అక్కడ చూపించిన విషయమని సాయంత్రానికి అర్థమైంది. పోగొట్టకుండా ఉన్నదాన్ని ఫొటో ఎలా తీస్తాం? ఫ్యామిలీ గ్రూపులో ఏమీ పెట్టలేదు.

అలా కాపాడిన పేటలోనే ఇవాళ అద్దెలు ఆకాశంలో ఉన్నాయి. అదీ చెప్పాలి.

రూర్ ప్రాంతానికి వెళ్లింది డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉండే మా వరంగల్ ఫ్రెండ్‌తో. అక్కడి ఈబా 1989 నుంచి 1999 దాకా. బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు మూతబడిపోయిన ప్రాంతం అది, 17 ఊళ్లని కలిపి చేశారు. డ్యూస్‌బర్గ్‌లో ఒక పాత ఇనుము ఫ్యాక్టరీని పార్కుగా వదిలేశారు. ఖనిజం నింపే గోడలెక్కి జనం రాక్ క్లైంబింగ్ చేస్తారు. గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతారు. అవన్నీ ఇన్‌స్టాలో దొరుకుతాయి, వదిలేద్దాం. నన్ను ఆపేసింది ఎంషర్ అనే చిన్న నది. గనుల వల్ల నేల కుంగిపోతూ ఉండేది కాబట్టి భూమిలోపల డ్రైనేజీ పైపులు నిలవవని, వందేళ్ల పాటు ఆ నదినే కాంక్రీటు కాలవలా మార్చి ఊళ్ల మురుగంతా వదిలారు. దాన్ని మళ్లీ నదిని చెయ్యాలని ఆ ఎగ్జిబిషన్ రోజుల్లోనే మొదలుపెట్టారు. భూమి అడుగున 51 కిలోమీటర్ల మురుగు సొరంగం తవ్వాల్సి వచ్చింది. ఎంషర్‌లోకి మురుగు పడటం పూర్తిగా ఆగింది 2021 చివర్లో. ఎగ్జిబిషన్ ముగిసిన 22 ఏళ్లకి.

విజయవాడ మనిషి ఎవరైనా అక్కడ నిలబడితే బుడమేరు గుర్తు రాకుండా ఉండదు. చిన్నప్పుడు స్కూలు ఆటో ఆ వంతెన ఎక్కగానే అందరం ఒకేసారి ముక్కులు మూసుకునేవాళ్లం. 2024 సెప్టెంబర్ 1న అదే బుడమేరు పొంగి, గండ్లు పడి, సింగ్‌నగర్‌ని ముంచేసింది. మా కింద వాటాల్లో నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. వెనక వాటా వాళ్లు అప్పుడు వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. ముందు వాటా ఆంటీ వాళ్లు నలుగురూ మా మేడ మీదికి వచ్చేశారు. రోజుల తరబడి కరెంటు లేదు. మంచినీళ్లు పడవల్లో వచ్చాయి. కుట్టుమిషన్లు మూడూ మునిగిపోయాయి. నేనిక్కడ రాత్రిళ్లు ఫోన్‌లో డ్రోన్ వీడియోలు ఆపి ఆపి, మా డాబా మీది నీలం రంగు ట్యాంకు కనపడుతుందేమోనని వెతుక్కున్నాను.

ఇంత జరిగాక కూడా నేను ఇల్లు కూల్చొద్దన్నాను. పీపీటీ చేశాను. నవ్వకండి, 14 స్లైడ్లు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాకా సిమెంటు తయారీ నుంచే వస్తుందని ఒక స్లైడ్. మన ఇంటి శ్లాబుల్లో, పిల్లర్లలో ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది కదా, దాన్ని పడగొట్టి మళ్లీ అంతకు మూడింతలు సిమెంటు పోసి, పైన నాలుగు సోలార్ పలకలు పెడితే గ్రీన్ ఎలా అవుతుందని ఇంకో స్లైడ్. క్రాయిట్స్‌బెర్గ్, హేమర్, పన్నెండు సూత్రాలు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో అరగంట వాయించాను.

నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం పచ్చిమిరపకాయల తొడాలు తీస్తూ, "ఆ పన్నెండిట్లో మొదటిది ఏమన్నావే?" అంది.

"అక్కడ ఉంటున్నవాళ్లతో కలిసే చెయ్యాలి."

"మరి ఇక్కడ ఉంటున్నది మేము. మమ్మల్ని అడిగావా?"

అడగలేదు. అడగకపోగా, అమ్మ గత ఏడాదిన్నరగా చెప్తున్నవేవీ నా చెవిలో పడనే లేదని అప్పుడు తెలిసింది. మేడకి 19 మెట్లు. అమ్మ మోకాళ్ల నొప్పికి రోజుకి రెండుసార్లు దిగడమే గగనం. కింద గోడలకి ఇంకా చెమ్మ ఆరలేదు, సున్నం పెచ్చులుగా రాలుతోంది. వాన గట్టిగా పడితే నాన్న నిద్రపోడు, అర్ధరాత్రి లేచి టార్చి వేసి వీధిలో నీళ్లు ఎంత ఉన్నాయో చూసొస్తాడు. "నువ్వు ఏడాదికి ఇరవై రోజులుంటావు. అందులో పది రోజులు ఫ్రెండ్స్ పెళ్లిళ్లు" అంది అమ్మ. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.

ఉక్రోషం వచ్చి, "కింద ఆంటీ వాళ్లని మాత్రం మీరు అడిగారా?" అన్నాను. ఇద్దరూ మాట్లాడలేదు. గెలిచాననిపించింది. కాల్ కట్ చేశాక స్లైడ్లు మళ్లీ తిప్పి చూసుకున్నాను. పధ్నాలుగింటిలో ఒక్కదాంట్లోనూ ఆంటీ లేదు. అద్దెకున్నవాళ్ల కోసం పుట్టిన సూత్రాన్ని, అద్దెకున్న మనిషి పేరెత్తకుండా, ఓనరు కూతురు చదివి వినిపించింది.

ఆ రాత్రి మా వీధిని కొత్తగా చూశాను. విల్హెల్మ్స్‌బుర్గ్ కూడా మునిగిన ఊరే. 1962 ఫిబ్రవరిలో తుపాను గాలికి ఎల్బే నది కట్టలు తెగి, హాంబుర్గ్‌లో 300 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఈ పేటలోనే. ఆ తర్వాత స్తోమత ఉన్నవాళ్లు చాలామంది వేరే చోట్లకి పోయారు. చవకైన ఇళ్లలోకి వలస కార్మికులొచ్చారు. ఈబా వచ్చినప్పుడు ఇక్కడ 1930ల నాటి కార్మికుల క్వార్టర్లను బాగుచేసేముందు, 30కి పైగా దేశాల నుంచి వచ్చి అక్కడ ఉంటున్నవాళ్లని, వాళ్ల భాషల్లోనే, ఇల్లంటే మీకేం కావాలి అని అడిగి తెలుసుకున్నారు. కొన్ని బ్లాకులు బాగుచేశారు, కొన్ని కూల్చి కొత్తవి కట్టారు. హేమర్ పుస్తకం ప్రకారం కూల్చకూడదు కదా అనుకుంటే, ఇక్కడ రెండూ జరిగాయి. మరోపక్క, ఈ సోకులన్నీ చేస్తే అద్దెలు పెరిగి మమ్మల్ని తరిమేస్తారని ఊళ్లో నిరసనలూ జరిగాయి. గోడల్లో నాచు పెంచి దాంతో వేడి పుట్టించే ఒక బిల్డింగ్ కూడా అప్పుడే కట్టారు. టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకునేది దాని దగ్గరే. నేనూ తీసుకున్నాను. క్వార్టర్ల ముందు ఎవరూ ఆగరు. నేను రోజూ ట్రైన్ కోసం వాటి పక్కనుంచే వెళ్తాను.

మర్నాడు అమ్మ ఒక్కో మెట్టూ దిగి కిందికెళ్లి ఆంటీని అడిగింది. "మీరు కట్టుకోండి వదినా, మాకోసం ఆపుకోవద్దు" అందట ఆంటీ ముందు. కాసేపాగి, ఇంకో పేటకి వెళ్తే గిరాకీ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలనీ, కొత్త మిషన్ల అప్పు ఇంకా తీరలేదనీ చెప్పిందట. నాన్న బిల్డర్‌కి ఫోన్ చేసి, కింద పార్కింగ్‌లో ఒక గది వేసి టైలరింగ్‌కి ఇవ్వొచ్చా అని అడిగాడు. పార్కింగ్‌కి చూపించిన జాగాలో గది వెయ్యకూడదన్నాడు. వేసినా, మళ్లీ నీళ్లొస్తే ముందు మునిగేది ఆ గదే. మాకొచ్చే రెండో ఫ్లాట్ వాళ్లకి పాత అద్దెకే ఇద్దామంది అమ్మ. ఆ అద్దెతోనే కదా మన మందులు కొనేదన్నాడు నాన్న.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివిన క్లాస్‌మేట్‌ని ఇంటికి పంపాను. పిల్లర్లు రెండంతస్తుల కోసం వేసినవి, గట్టిగానే ఉన్నాయి, పైన ఇంకోటి వెయ్యడానికి మాత్రం పనికిరావు అన్నాడు. వీధివైపు బయటి నుంచి చిన్న లిఫ్ట్ పెట్టుకోవచ్చట. కింద నివాసం మానేసి, ప్లగ్గులూ మీటర్లూ పైకి జరిపి, కొట్టులాగా వాడుకోవచ్చట. అలా చేస్తే ఆంటీకి కొట్టుంటుంది, ఇల్లుండదు. ఎంతవుతుందో మేస్త్రీ లెక్క వేస్తున్నాడు. బుడమేరు సంగతి ఏ మేస్త్రీ లెక్కలోకీ రాదు.

బిల్డర్‌ని సంక్రాంతి దాకా ఆగమన్నారు. టికెట్ బుక్ చేశాను, ఈసారి పెళ్లిళ్లేవీ ఒప్పుకోలేదు. కనుమ మర్నాడు మేడ మీద కూర్చుని మాట్లాడుకోవాలని అనుకున్నాం, అమ్మ, నాన్న, ఆంటీ, అంకుల్, నేను. పీపీటీ తేవద్దని అమ్మ ముందే చెప్పింది.